అల్యూమినియం పడవలో పగిలిన అతుకు: 40 లక్షల దెబ్బల లెక్క

అలాస్కాలోని బ్రిస్టల్ బేలో సాల్మన్ వేటకు వెళ్లే వల పడవ 32 అడుగులు మించకూడదు. అది అక్కడి చట్టం. 1951 దాకా ఇంజన్లకు కూడా అనుమతి లేదు, తెరచాపలతోనే వేట సాగేది. ఇప్పుడు అదే 32 అడుగుల్లో భారీ ఇంజన్లు, చేపల గదులు, చల్లబరిచే యంత్రాలు ఇమిడ్చిన అల్యూమినియం పడవలు అక్కడ ఎటు చూసినా కనిపిస్తాయి. 2022లో ఆ అఖాతానికి దాదాపు 7.9 కోట్ల సాకై సాల్మన్ వచ్చాయి, వాటిలో 6 కోట్ల దాకా వలల్లో పడ్డాయి. ఈ వేటంతా ప్రధానంగా జూన్, జులైలలో కొద్ది వారాల పని. ఆ వారాల్లో అడుగున వెల్డింగ్ అతుకు పగిలిందంటే యజమానికి ఒక్కటే తొందర: ఇవాళ్టికి ఎలాగోలా మూసేసి, రేపటి పోటుకు పడవను నీళ్లలో దించాలి.

పగులు వల్ల వచ్చే నీరు ఎంతో ముందు చూద్దాం. 10 సెంటీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉన్న పగులు నీటి మట్టానికి అర మీటరు కింద ఉందనుకుంటే, గంటకు సుమారు 340 లీటర్లు లోపలికి వస్తాయి. మామూలు పంపు దాన్ని తేలిగ్గా తోడేస్తుంది. అందుకే చాలామంది దాన్ని చిన్న సమస్యగా లెక్కగడతారు. అసలు ప్రమాదం పగులు పెరగడంలో ఉంది.

అల్యూమినియం పగుళ్లలో ఎక్కువ భాగం ఒక్క పెద్ద దెబ్బకు వచ్చేవి కావు. 4 సెకన్లకు ఒక అల తగిలిందనుకుంటే గంటకు 900 దెబ్బలు. రోజుకు 15 గంటలు, సీజనుకు 30 రోజులు వేసుకుంటే 4 లక్షలు దాటుతాయి. 10 సీజన్లకు 40 లక్షలు. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది, అంతకన్నా తక్కువ ఒత్తిడి పదే పదే పడినా అది తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. ప్రతి దెబ్బా ఖాతాలో పడుతూనే ఉంటుంది. వెల్డింగ్ అతుకుల విషయంలో ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం ఇంకా కఠినం: ఒత్తిడి రెట్టింపైతే ఆయుష్షు 8వ వంతుకు పడిపోతుంది. అదే సూత్రాన్ని తిప్పి చూస్తే, ఒత్తిడిని సగం చేయగలిగితే ఆయుష్షు 8 రెట్లవుతుంది. మరమ్మతు చేసేవాడికి ఈ రెండో సగమే పనికొచ్చేది.

ఎందుకంటే పగిలినచోట మళ్లీ వెల్డింగ్ చేసినంత మాత్రాన బలం తిరిగి రాదు. పడవ అడుగుకు వాడే 5086 రేకు మామూలు స్థితిలో సుమారు 195 మెగాపాస్కల్ ఒత్తిడి దాకా వంగిపోకుండా నిలుస్తుంది. వేడికి పూర్తిగా మెత్తబడ్డాక అది 95కు దిగుతుంది. లోపలి ఫ్రేములకు, గొట్టాలకు వాడే 6061-టి6 తెగే బలం 310 ఉంటే, వెల్డింగ్ తర్వాత లెక్కలోకి తీసుకునేది 165 మాత్రమే. ఈ మెత్తదనం అతుకుకు రెండు వైపులా సుమారు 25 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పాత పగులు మీద కొత్త లోహం పోస్తే, లోపల పగులు అలాగే మిగులుతుంది, పక్కన మెత్తబడిన రేకు తోడవుతుంది. అలాంటి మరమ్మతు అదే సీజనులో మళ్లీ నోరు తెరిచినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి మొదటి పని రంగు పరీక్ష. శుభ్రం చేసిన రేకు మీద ఎర్రటి ద్రవం పూసి, 10 నిమిషాలు ఆగి, తుడిచి, తెల్లటి పొడి చల్లితే పగులు ఎర్రగా పైకి తేలుతుంది. కంటికి కనిపించిన కొసకు ఆవల కూడా పగులు ఉంటుందని దీంతోనే తెలుస్తుంది. ఆ నిజమైన కొస దగ్గర 6 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే, వెల్డింగ్ వేడికి పగులు ముందుకు పరుగెత్తకుండా ఆగుతుంది. తర్వాత పగులు మొత్తాన్ని లోహం కోసే బర్‌తో తవ్వి తీసేయాలి. మామూలు గ్రైండింగ్ రాయి మెత్తటి అల్యూమినియాన్ని పూసేసి పగులును కప్పెడుతుంది, పైగా రాయి జిగురు అతుకులోకి చేరుతుంది. తవ్వాక ఇంకోసారి రంగు పరీక్ష చేసి, ఆ రంగును పూర్తిగా కడిగేయాలి.

శుభ్రత దగ్గర తొందర పనికిరాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కు కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి, కాబట్టి ఆ పొరను ముందే తీసేయాలి. కరిగిన అల్యూమినియం తనలో ఇముడ్చుకునే హైడ్రోజన్ గడ్డకట్టినప్పటికన్నా దాదాపు 20 రెట్లు ఎక్కువ. తేమ, నూనె, ఉప్పు మరకల నుంచి చేరిన ఆ వాయువు గడ్డకట్టేటప్పుడు బయటపడలేక బుడగలుగా మిగిలిపోతుంది. మంచినీటితో కడగాలి, ఆరబెట్టాలి, అసిటోన్‌తో తుడవాలి, ఆ తర్వాతే ఉక్కును ఎన్నడూ తాకని స్టెయిన్‌లెస్ బ్రష్ వాడాలి. ముందు బ్రష్ వేస్తే జిడ్డు లోహంలోకి దిగుతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ జోలికి మాత్రం పోవద్దు. వెల్డింగ్ మంట దగ్గర దాని ఆవిరి ఫాస్జీన్ అనే ప్రాణాంతక విషవాయువుగా మారుతుంది. డెక్ కింద పెట్రోలు ఆవిరి, తేలడానికి నింపిన ఫోమ్ ఉన్నాయేమో చూసి తొలగించాకే మంట వెలిగించాలి. బ్యాటరీ తీగలు విప్పేయాలి.

పూరించే తీగ కూడా ముఖ్యం. 5086 రేకులకు 5 శాతం మెగ్నీషియం ఉన్న 5356 సరిపోతుంది. సిలికాన్ ఉన్న 4043 హాయిగా పారుతుంది కాబట్టి కొందరు దాన్నే ఎంచుకుంటారు, కానీ ఈ రేకుల్లోని మెగ్నీషియంతో కలిసి అది పెళుసు అతుకునిస్తుంది. గంటకు 8 కిలోమీటర్ల గాలి వీచినా అతుకును కాపాడే ఆర్గాన్ వాయువు తెర చెదిరిపోతుంది కాబట్టి చుట్టూ పరదా కట్టాలి. ఒకవైపు అతికాక వెనక నుంచి తవ్వి, మెరిసే లోహం కనిపించాక రెండో వైపు అతకాలి. గడ్డకట్టేటప్పుడు అల్యూమినియం ఘనపరిమాణంలో 6 శాతానికి పైగా కుంచించుకుపోతుంది. అతుకు చివర గుంటను నింపకుండా వెల్డింగ్ తుపాకీ ఎత్తేస్తే అక్కడే కొత్త పగులు పుడుతుంది.

ఇంతా చేసి కారణాన్ని వదిలేస్తే శ్రమ వృథా. అల్యూమినియం ఉక్కులో మూడో వంతు మాత్రమే బిరుసు, అదే మందంలో మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. ఫ్రేమో, నిలువు పట్టీయో పలుచటి రేకు మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతే, రేకు ఊగే ఊపంతా ఆ ఒక్క కొస మీద పడుతుంది. పగులు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. ఆ పట్టీని తర్వాతి ఫ్రేము దాకా పొడిగించాలి, లేదా కొసను ఏటవాలుగా సన్నబరచాలి. ఒత్తిడిని సగానికి తెచ్చే పని ఇదే. పైన చదరపు మాసిక వేసే అలవాటు నాకు ససేమిరా నచ్చదు: దాని మూలల్లో ఒత్తిడి పోగవుతుంది, రెండు రేకుల మధ్య ఉప్పునీరు నిలిచి తుప్పు తింటుంది. తప్పనిసరైతే మూలలు గుండ్రంగా ఉండాలి, చుట్టూ సందు లేకుండా అతకాలి.

పని ముగిశాక మళ్లీ రంగు పరీక్ష. మొదటి కొన్ని గంటల గట్టి అలల తర్వాత అతుకు రెండు కొసలనూ, పక్కనున్న 25 మిల్లీమీటర్ల రేకునూ చూడాలి. ఆ తర్వాత పడవ రెండో వైపు అదే ఫ్రేము దగ్గరకు వెళ్లి, సరిగ్గా అదే చోటును పరీక్షించాలి. ఆ అతుకు కూడా ఇన్నేళ్లుగా అవే 40 లక్షల దెబ్బలు తిన్నది.