కొలతలిచ్చి కుట్టించుకునే డ్రై సూట్: బూన్ లే వాసులకు కొన్ని సూచనలు

సముద్రపు నీరు ఏడాది పొడవునా గోరువెచ్చగా వుండే సింగపూర్‌లో డ్రై సూట్ గూర్చి వ్యాసమేమిటని కొందరు పాఠకులు నవ్వుకోవచ్చు. పులావ్ హంటు దగ్గర నీరు 28 నుంచి 30 డిగ్రీల దాకా వుంటుంది. పలుచని వెట్ సూట్ చాలు. కాని మన పిల్లలు యిక్కడ డైవింగ్ నేర్చుకుని యిక్కడితో ఆగడం లేదు. చదువులకు మెల్‌బోర్న్, ఎడింబరో వెళ్ళినవారు అక్కడి నీళ్ళలోనూ దిగుతున్నారు. సెలవులకు ఐస్‌లాండ్ వెళ్ళేవారు థింగ్‌వెల్లిర్ జాతీయవనంలోని సిల్ఫ్రా చీలికను చూడాలని ముచ్చట పడుతున్నారు. అక్కడి నీరు ఏడాదంతా 2 నుంచి 4 డిగ్రీలు. స్కూబాతో దిగాలంటే డ్రై సూట్ తప్పనిసరి. దాన్ని వాడే శిక్షణో, అనుభవమో వున్నట్లు రుజువు కూడా అడుగుతారు.

జీవితంలో ఒక్కసారి సిల్ఫ్రా చూసి వచ్చేవారు అక్కడే అద్దెకు తీసుకోవడం మేలు. వారికి యీ వ్యాసంతో పనిలేదు. ఏటా ఒకటి రెండు సార్లయినా చలినీళ్ళలో దిగేవారికీ, అద్దె సూట్ ఏదీ ఒంటికి సరిపోనివారికీ మాత్రమే కుట్టించుకునే ఖర్చు న్యాయమనిపిస్తుంది.

వెట్ సూట్ లోపలికి కాస్త నీరు వస్తుంది, ఒంటి వేడికి అది వెచ్చబడుతుంది. డ్రై సూట్ లోపలికి నీరే రాకూడదు. ఒంటికీ సూట్‌కూ మధ్య గాలీ, వెచ్చని లోదుస్తులూ వుంటాయి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది కనుక ఆ గాలి పొరే మనకు రక్ష. 1837లో ఆగస్టస్ సీబే రాగి శిరస్త్రాణానికి రబ్బరు పట్టించిన గుడ్డ దుస్తులు కలిపినప్పుడూ సూత్రం యిదే.

ఇక అసలు సంగతి. తయారీదారుల కేటలాగులన్నీ చలిదేశాల వారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎంత చలికి ఏ గుడ్డ, ఎంత లోతుకు ఏ వాల్వు అని అవి చెబుతాయి. మన సూట్ చలినీళ్ళలో వుండేది ఏడాదికి పదిహేను రోజులు. తక్కిన మూడువందల యాభై రోజులూ అది బూన్ లేలో, మన ఫ్లాట్ అలమారలో, 80 శాతం పైబడిన తేమలో, ఉక్కలో పడి వుంటుంది. నీళ్ళలో చిరిగే సూట్ల కంటే అలమారలో చచ్చే సూట్లే యిక్కడ ఎక్కువని నా అనుమానం. కనుక ప్రతి భాగాన్నీ ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది చలికి ఆగుతుందా? బూన్ లేకు ఆగుతుందా?

ముందుగా మెడ, మణికట్ల దగ్గర వుండే సీళ్ళు. నీరు వచ్చేది అక్కడినుంచే. ఇవి లేటెక్స్‌వి, నియోప్రీన్‌వి, సిలికోన్‌వి అని మూడు రకాలు. లేటెక్స్ అంటే రబ్బరు పాలు. మన పేటకు పేరిచ్చిన ఛూ బూన్ లే గారికి ఒకప్పుడు జురాంగ్‌లో రబ్బరు తోటలు వుండేవి. చెట్టు చావకుండా రోజూ పాలు తీసే పద్ధతిని ప్రచారం చేసిన రిడ్లే దొర సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కు 1888లో వచ్చినవాడు. మలయా రబ్బరు తోటలలో చెమటోడ్చిన కూలీలలో మన తెలుగువారూ వున్నారు. ఇంత చరిత్ర వున్న ఆ రబ్బరుకు మన వాతావరణం మాత్రం పడదు! ఎండ, ఓజోన్, చెమట, నూనె తగిలితే అది జిగురు జిగురుగా అయిపోవడమో, పగుళ్ళు వేయడమో ఖాయం. ముఖ్యంగా నూనె. తలకు కొబ్బరినూనె రాసుకుని మెడ సీలులో తల దూర్చేవారు దాని ఆయుష్షు తామే తగ్గించుకుంటున్నారన్నమాట. పౌడరు వేసుకుంటే సీలు సులువుగా జారుతుంది. అయితే అది పరిమళం లేని పౌడరు కావాలి.

లేటెక్స్ మెత్తన, చవక, ఒంటికి చక్కగా అతుక్కుంటుంది. కాని జిగురుతో అతికించిన సీలు పాడైతే సూట్‌ను మరమ్మతుకు పంపాలి. నియోప్రీన్ వెచ్చగా వుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, కాస్త చెమ్మ మాత్రం లోపలికి రానిస్తుంది. సిలికోన్‌కు ఓజోన్ బాధ లేదు, లేటెక్స్ పడనివారి చర్మానికీ సరిపడుతుంది. అయితే పదునైనది తగిలిందా, సర్రున చిరుగుతుంది. పైగా అది జిగురుకు అతుక్కోదు గనుక దాన్ని పట్టివుంచే ప్లాస్టిక్ ఉంగరాల అమరిక విధిగా వుండాలి. ఆ ఉంగరాల వల్లనే మనకు లాభం. సీలు చిరిగితే పడవ మీదనే కొన్ని నిమిషాలలో కొత్తది బిగించుకోవచ్చు, పొడి చేతితొడుగులు కూడా ఆ మణికట్టు ఉంగరాలకే తగిలించుకోవచ్చు. నన్నడిగితే బూన్ లే వాసి మెడకూ మణికట్లకూ ఉంగరాలు పెట్టించుకుని, సిలికోన్ సీళ్ళు వేయించుకుని, ఒక జత అదనంగా సంచిలో వుంచుకోవడం ఉత్తమం. జేబులకూ రంగులకూ పెట్టే డబ్బు యిక్కడ పెట్టవచ్చు.

తర్వాతది జిప్పు. సూట్‌లో అన్నిటికంటే ఖరీదైన మరమ్మతు యిదే. ఇత్తడి పళ్ళ జిప్పు గట్టిది, కాని బిరుసు. ఉప్పు నీరు కడగకుండా మన తేమలో వదిలేస్తే పళ్ళకు చిలుము పడుతుంది. దానికి మైనం రాస్తూ వుండాలి. ప్లాస్టిక్ పళ్ళ జిప్పు తేలిక, సులువుగా వంగుతుంది, చిలుము పట్టదు. దాని చివర, జిప్పు వచ్చి కూర్చునే చోట మాత్రం తయారీదారు చెప్పిన గ్రీజు రాయాలి. భుజాల వెనుక వుండే జిప్పు మూయడానికి మరొకరు కావాలి. దంపతులిద్దరూ డైవర్లయితే చిక్కులేదు. లేకుంటే ఛాతీ మీద ఏటవాలుగా వచ్చే జిప్పు పెట్టించుకుంటే ఎవరినీ బతిమాలనక్కరలేదు.

సూట్ గుడ్డ విషయంలో మనకు సందేహం అక్కరలేదు. నియోప్రీన్ సూట్ వెచ్చనిదే, కాని బరువు, ఆరడానికి రోజులు పడుతుంది, ఆరకపోతే యిక్కడ బూజు పడుతుంది. రెండు గుడ్డ పొరల మధ్య బ్యూటైల్ రబ్బరు పెట్టిన ట్రైలామినేట్ తేలిక, త్వరగా ఆరుతుంది, విమానం సామానులో ఇముడుతుంది. బ్యూటైల్ ఓజోన్‌కు మామూలు రబ్బరు కంటే బాగా తట్టుకుంటుంది కూడా. దానికదిగా వెచ్చదనం యివ్వదు, ఆ పని లోదుస్తులది.

అందుకే లోదుస్తులు ముందు కొని, సూట్ కొలతలు తర్వాత యివ్వాలి. జాకెట్టు కొలతకు దర్జీ దగ్గర పాత జాకెట్టు పడేసి వచ్చినట్లు యిక్కడ కుదరదు. లావుపాటి లోదుస్తులు వేసుకుని, చేతులు పైకెత్తి, గొంతుకూర్చుని, ఒక చేయి వీపు వెనుక సిలిండరు వాల్వు దాకా చాపి చూసి మరీ కొలవాలి. ఆ చేయి అందకపోతే సూట్ ఎంత అందంగా వున్నా ప్రయోజనం లేదు. బిగుతైతే కదలలేము. వదులైతే అంతకంటే చెరుపు. పది మీటర్ల లోతున సూట్‌లోని గాలి సగానికి కుంచించుకుపోతుంది, అందుకని ఛాతీ మీది వాల్వుతో గాలి ఎక్కించుకుంటాము. పైకి వచ్చేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది. కాళ్ళ దగ్గర వదులుగా వుంటే గాలి అక్కడ చేరి మనిషిని తలకిందులు చేసి, పాదాలు పైకి పెట్టి ఉపరితలానికి ఎగదన్నుతుంది. అంత వేగంగా పైకి రావడం ప్రాణాంతకం. ఐరోపావారి ఒడ్డూ పొడుగూ చూసి కుట్టిన రెడీమేడ్ సూట్లలో పొట్టివారి కాళ్ళకు మిగిలేది ఆ వదులే. కుట్టించుకోవడానికి నాకు కనిపించే గట్టి కారణం యిదొక్కటే, సోకు కాదు.

మన ఆడపిల్లల కొలతలు యిచ్చేటప్పుడు మణికట్టు చుట్టుకొలత మరచిపోవద్దు. సన్నని మణికట్టులో నరాలు తేలి వుంటే ఆ సందుల గుండా నీరు వస్తుంది. పొడవైన జడ వెంట్రుక ఒక్కటి సీలు కింద ఇరుక్కున్నా అంతే. గాజులు తీసేయాలి. మెడలో గొలుసైనా, మంగళసూత్రమైనా సీలు అంచుకు తగలకూడదు. ఈ మాట యింట్లో పెద్దవారికి ముందుగా చెప్పి ఒప్పించుకోవడం మంచిది!

గాలి వదిలే వాల్వు ఎడమ భుజం దగ్గర వుంటుంది, దాన్ని మార్చనక్కరలేదు. ఇక చెప్పడానికి మొగమాటమైన వాల్వు ఒకటుంది, మూత్రం బయటికి పోవడానికి. మగవారికీ ఆడవారికీ వేరు వేరు అమరికలు దొరుకుతున్నాయి. గంట పైబడి నీళ్ళలో వుండేవారు దీన్ని పెట్టించుకోవాలనే నా సలహా. అది లేదని ఉదయం నుంచి మంచినీళ్ళు తాగకుండా దిగేవారున్నారు. ఒంట్లో నీరు తగ్గితే పైకి వచ్చాక నత్రజని బుడగల జబ్బుకు అవకాశం పెరుగుతుంది. సిగ్గు కంటే అది పెద్ద కష్టం.

బూట్లు కలిపి కుట్టించినా, మేజోళ్ళలాంటివి కుట్టించి పైన వేరే బూట్లు వేసుకున్నా పరవాలేదు. రెండవది సామానులో బాగా మడుస్తుంది. జేబులు తొడల మీద రెండు చాలు.

జురాంగ్, టువాస్ ఓడరేవుల పక్క నివసించే మనకు మరో రకం సూట్ కూడా తెలిసి వుండాలి. ఓడల అడుగున మురికి నీళ్ళలో పనిచేసే డైవర్లకు చలి సమస్య కాదు, విషం సమస్య. వారికి వైకింగ్ వంటి వల్కనైజ్ చేసిన రబ్బరు సూట్లు, శిరస్త్రాణానికి నేరుగా కలిసే మెడ, కలిపిన చేతితొడుగులు వుంటాయి. నున్నని రబ్బరును కడగడం తేలిక. 2024 జూన్‌లో పాసిర్ పంజాంగ్ దగ్గర ఓడ ఢీకొని సుమారు 400 టన్నుల నూనె సముద్రంలో కలిసింది. అటువంటి నీళ్ళకు మన విహారపు సూట్ పనికిరాదు. లేటెక్స్ సీలు నూనెకు ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఖర్చు మాటకు వస్తే రెండు మూడు వేల సింగపూర్ డాలర్లు సులువుగా దాటుతుంది. అమెరికాలో శాండియాగో డి.యు.ఐ., ఇంగ్లండు బ్రాడ్‌ఫర్డ్‌లోని ఆటర్, పోలండులోని సాంటి (మన శాంతి కాదు) పేరున్న తయారీదారులు. బయటినుంచి తెప్పిస్తే 2024 జనవరి నుంచి 9 శాతం జి.ఎస్.టి. కూడా లెక్కలో వేసుకోవాలి. డబ్బు కట్టేముందు సీలు, జిప్పు మార్పిడి ఎక్కడ చేస్తారో రాతపూర్వకంగా అడగండి. ప్రతిసారీ సూట్‌ను ఐరోపాకు పంపేటట్లయితే చవకగా దొరికిన సూట్ చవక కాదు.

సూట్ రాగానే ఫ్లాట్‌లో తొడుక్కుని అద్దం ముందు నిలబడవద్దు. లావు లోదుస్తులతో యిక్కడి ఉక్కలో పది నిమిషాలకే కళ్ళు తిరుగుతాయి. ఎ.సి. గదిలో వేసుకుని, పలుచని లోదుస్తులతో ఈతకొలనులో శిక్షకుని ఎదుట మొదటి ప్రయత్నం చేయాలి. తర్వాత మంచినీళ్ళతో కడిగి, లోపలా బయటా నీడన ఆరబెట్టి, మడతలు పడకుండా చుట్టి, సిలికా జెల్ సంచులు వేసి భద్రపరచండి. చాలామంది యిళ్ళలో కెమెరాల కోసం తేమ లేని డ్రై కేబినెట్ వుంటుంది. సూట్ అందులో పట్టదు గాని విడి సీళ్ళు మాత్రం పడతాయి.