పెన్ను నొక్కమంటే ఎందుకు నొక్కలేదు?

ఆరోజు హాస్పిటల్లో ఊపిరాడని పని. మధ్యాహ్నం ఇంటి నుంచి ఫోన్. మా అత్తమ్మని చూసుకునే హోమ్ హెల్త్ ఎయిడ్. "మేడం, లంచ్ టైమైంది, ఇన్సులిన్ వేయడానికి సార్ లేరు" అంది. మావారు రోజూ ఇంటి నుంచే పని చేస్తారు, ఆరోజే ఆఫీసుకి వెళ్ళాల్సొచ్చింది. అత్తమ్మకి చేతులు వణుకుతాయి, తనంతట తాను వేసుకోలేరు.

"పెన్నే కదా, ఆరు దగ్గరికి తిప్పి నొక్కెయ్" అన్నా.

"సారీ మేడం, నేను చేయకూడదు."

చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. మావారిని ఇంటికి పరుగెత్తించా. ఆయన వెళ్ళేసరికి సెన్సర్‌లో షుగర్ 84, బాణం కిందకి చూపిస్తోంది. పొద్దున అత్తమ్మ రెండు చెంచాల ఉప్మా మాత్రమే తిన్నారట. ఎయిడ్ అప్పటికే జ్యూస్ తాగించి, అన్నీ టైముతో సహా నోట్‌బుక్‌లో రాసి పెట్టింది. ఆ ఆరు యూనిట్లు పడి ఉంటే ఏమయ్యేదో నర్సుని, నాకు తెలుసు. ఏం తిన్నారు, షుగర్ ఎంతుంది అని అడక్కుండానే వేసెయ్యమన్నాను. హాస్పిటల్లో ఎవరైనా నాకలా చెప్తే ఒప్పుకుంటానా?

పెన్ను నొక్కడం ఎవరికైనా వస్తుంది. ఇప్పుడు వేయాలా, ఆపాలా అని తేల్చుకోవడమే నర్సింగ్. మెడికేర్ డబ్బు తీసుకునే ఏజెన్సీల్లో ఎయిడ్‌కి కావలసిన కనీస శిక్షణ 75 గంటలు. అందులో 16 గంటలు చేతితో చేసి నేర్చుకునేవి. స్నానం, నడక, తిండి, శుభ్రత, మనిషిలో మార్పు గమనించి చెప్పడం ఇవన్నీ అందులో ఉంటాయి. మేముండే న్యూజెర్సీలో వాళ్ళకి సర్టిఫికెట్ ఇచ్చేది నర్సింగ్ బోర్డే. గీత దాటితే పోయేది ఆమె బతుకుతెరువు.

మామూలుగా ఎయిడ్ ఏం చేయొచ్చు? మాత్రల టైము గుర్తు చేయొచ్చు, సీసా తెచ్చి మూత తీసివ్వొచ్చు, నీళ్ళివ్వొచ్చు. మాత్ర నోట్లో వేసుకోవాల్సింది పెద్దవాళ్ళే. డోసు మార్చడం, వారానికి సరిపడా మందుల డబ్బా సర్దడం, ఇంజెక్షన్, లోతైన పుండుకి కట్టు కట్టడం, ట్యూబ్‌లో మందు పోయడం ఆమె పనులు కావు. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల రిజిస్టర్డ్ నర్సు ఫలానా పేషెంటుకి ఫలానా పని అని ఎయిడ్‌కి నేర్పించి, అప్పగించి, పర్యవేక్షించవచ్చు. అది నర్సు అప్పగించాలి, మనం ఫోన్లో చెప్తే చెల్లదు.

మన ఇళ్ళల్లో ఇంకో తిరకాసు ఉంది, ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చే మందులు. కత్తిరించిన స్ట్రిప్పు మీద పేరు సగమే ఉంటుంది. పేషెంటు పేరు, డోసు ఉండే ఫార్మసీ లేబుల్ ఉండదు. ఎయిడ్ ముట్టుకోనంటే తప్పేముంది? డోలో, టైలెనాల్ రెండూ ఒకటే మందు. ఒకటి ఎయిడ్ అందించి, ఇంకోటి దిండు కింద నుంచి అమ్మ తీసి వేసుకుంటే దెబ్బ తినేది లివర్.

అందుకని అక్కలూ, చెల్లెళ్ళూ, ఎయిడ్‌ని పెట్టుకునే ముందు ఇవి చేయండి:

• కేర్ ప్లాన్ కాగితం అడిగి చదవండి. అందులో లేని పని అడగొద్దు.

• ఆయుర్వేదం, చూర్ణాలతో సహా మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించండి.

• మందుల డబ్బా ఇంట్లో ఒక్కరే సర్దండి.

• మీరు లేని టైములో ఇంజెక్షన్ పడుతుంటే డాక్టరుతో మాట్లాడండి. మా అత్తమ్మకి లంచ్ డోసు తీసేసి, పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేముందు వేసే ఒక్క ఇంజెక్షన్‌గా మార్చారు. అందరికీ కుదరకపోవచ్చు, అడిగితే కదా తెలిసేది.

గ్రూపుల్లో అడిగి, తెలిసిన ఆంటీని పెట్టుకునేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త. ఆవిడ వెనకాల శిక్షణా ఉండకపోవచ్చు, అడగడానికి నర్సూ ఉండదు. ప్రేమ కొద్దీ "సరేనమ్మా, వేస్తా" అనేస్తుంది.

ఆ సాయంత్రం నేను ఎయిడ్‌కి సారీ చెప్పా. "పర్లేదు మేడం, అందరూ అడుగుతారు" అంది. ఆ మాటే నాకు ఇంకా గుచ్చుకుంటోంది. మీ ఇంట్లో ఆమె "నేను చేయకూడదు" అంటే ఒక్క నిమిషం కోపం ఆపుకుని, "పెద్దావిడ ఏం తిన్నారు?" అని అడగండి.