హెల్మెట్‌లో నాయిస్ క్యాన్సిలింగ్ స్పీకర్లు: గాలి హోరు నిజంగా తగ్గుతుందా?

మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. హెల్మెట్ లోపల నాయిస్ క్యాన్సిలింగ్ స్పీకర్లు పెట్టించుకుంటే గాలి హోరు పోతుందా? డబ్బులు పెట్టేముందు ఐదు నిమిషాలు నాతో ఉండండి.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. ఆన్‌లైన్‌లో హెల్మెట్ బ్లూటూత్ సెట్ అని వెతకండి, చాలా బాక్సుల మీద 'నాయిస్ క్యాన్సిలేషన్' అని ఉంటుంది. కిందకి స్క్రోల్ చేసి స్పెసిఫికేషన్స్ చూడండి. సీవీసీ అనో, ఈఎన్‌సీ అనో కనిపిస్తుంది. అవి మైక్ కోసం. అంటే మీరు కాల్‌లో ఉంటే అవతలివాళ్లకి గాలి శబ్దం తగ్గి మీ గొంతు వినిపిస్తుంది. మీ చెవికి మాత్రం ఒక్క డెసిబెల్ కూడా తగ్గదు. మీ చెవికి తగ్గించేది ఏఎన్‌సీ, అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్. ఇది పూర్తిగా వేరే టెక్నాలజీ.

ఇంత పట్టింపు ఎందుకంటారా? బండి 60, 70 దాటిందంటే ఇంజిన్ కంటే గాలి శబ్దమే ఎక్కువ. 100 స్పీడ్‌లో ఫుల్ ఫేస్ హెల్మెట్ లోపల కూడా దాదాపు 95 నుంచి 100 డెసిబెల్స్ ఉంటుంది. అమెరికాలోని నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ రోజుకి 8 గంటల వరకు ఓకే. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగం అవుతుంది. 94 అయితే గంట, 97 అయితే అరగంట, 100 అయితే 15 నిమిషాలే. ఇప్పుడు హైదరాబాద్ నుంచి విజయవాడ, ఎన్‌హెచ్ 65 మీద దాదాపు 270 కిలోమీటర్లు, ఆగకుండా ఊహించుకోండి. ఆ హోరు మీద పాట వినపడాలని వాల్యూమ్ ఇంకా పెంచుతాం. లోపలి చెవిలో ఉండే సన్నని వెంట్రుక కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు.

సరే, ఏఎన్‌సీ ఎలా పనిచేస్తుంది? మైక్ బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, చిప్ దానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని తయారుచేస్తుంది, స్పీకర్ దాన్ని వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అమర్ బోస్‌కి 1978లో విమాన ప్రయాణంలో ఈ ఆలోచన వచ్చింది. ఆయన కంపెనీ 1989లో పైలట్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది. విమానం ఇంజిన్ శబ్దం ఒకే తీరుగా, లో ఫ్రీక్వెన్సీలో మోగుతుంది, పైగా హెడ్‌సెట్ కప్పు చెవిని మూసేస్తుంది. అందుకే అక్కడ అంత బాగా పనిచేసింది.

హెల్మెట్ స్పీకర్ అలా కాదు. బిళ్లలా ఉంటుంది, చెవికి దూరంగా, చుట్టూ ఖాళీ. క్యాన్సిల్ అయ్యే చోటు శబ్దం వేవ్‌లెంగ్త్‌లో దాదాపు పదో వంతే. 100 హెర్ట్జ్‌కి 34 సెంటీమీటర్లు, చాలా ఈజీ. 3,000 హెర్ట్జ్‌కి ఒక్క సెంటీమీటర్! తల కొంచెం కదిలితే చాలు, గోవిందా. దానికితోడు గాలి సుడులు క్షణక్షణం మారతాయి, చిప్‌కి ముందుగా ఊహించే ఛాన్సే ఉండదు. సేనా కంపెనీ మొమెంటమ్ ఐఎన్‌సీ అని ఏఎన్‌సీ హెల్మెట్ తెచ్చింది. అక్కడ మైకులు, చెవి కప్పులు హెల్మెట్‌తోపాటే డిజైన్ చేశారు. అంటే విడిగా స్పీకర్ కొని అతికిస్తే ఆ రిజల్ట్ రాదు.

మరి ఏం చేయాలి? నేను చెప్పేది చాలా చీప్ సొల్యూషన్: ఫోమ్ ఇయర్‌ప్లగ్స్, వాటి మీద మామూలు హెల్మెట్ స్పీకర్లు. ప్లగ్ గాలినీ తగ్గిస్తుంది, పాటనీ తగ్గిస్తుంది. రెండిటి మధ్య తేడా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి నావిగేషన్ మాట వినపడుతుంది, హారన్ కూడా వినపడుతుంది. చెవి మీద పడే మొత్తం భారం మాత్రం తగ్గుతుంది. ఇది హైవేకి మాత్రమే. సిటీ ట్రాఫిక్‌లోకి రాగానే తీసేయండి.

ఏఎన్‌సీ ఇయర్‌బడ్స్ పెట్టుకోవచ్చా అంటే, చెవిని మూస్తాయి కాబట్టి లో ఫ్రీక్వెన్సీ హోరు తగ్గిస్తాయి. కానీ హెల్మెట్ ఎక్కించేటప్పుడు జారిపోతాయి, గంటసేపు నొక్కుకుంటే నొప్పి. నేనైతే రికమెండ్ చేయను.

ఫిట్టింగ్ విషయానికొస్తే, చీక్ ప్యాడ్ తీస్తే చాలా హెల్మెట్లలో చెవి దగ్గర గుండ్రటి గుంట ఉంటుంది. స్పీకర్ మధ్యభాగం సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా రావాలి. ఒక సెంటీమీటర్ పక్కకి పోయినా సౌండ్ బాగా పడిపోతుంది, మీరు వాల్యూమ్ పెంచుతారు. గుంట లోతుగా ఉంటే వెనక చిన్న ఫోమ్ ముక్క పెట్టండి, చెవికి మాత్రం గుచ్చుకోకూడదు. వెల్క్రోతో అతికించి, వైర్లు లైనింగ్ కిందనుంచి లాగండి. యూనిట్‌ని బయట క్లాంప్‌తో బిగించండి, డ్రిల్లింగ్ వద్దు.

ముఖ్యంగా, స్పీకర్ పట్టలేదని లోపలి థర్మోకోల్ చెక్కకండి. దెబ్బ తగిలినప్పుడు నలిగి మీ తలను కాపాడేది అదే. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ మార్క్ ఉన్న హెల్మెట్లే అమ్మాలి. మీరు చాకు పెట్టి చెక్కాక ఆ మార్క్‌కి అర్థం ఉండదు.

చివరిగా ఒక టెస్ట్. లాంగ్ రైడ్ దిగాక నిశ్శబ్దంగా ఉన్న గదిలో రెండు నిమిషాలు కూర్చోండి. చెవిలో గుయ్యిమని మోగుతోందా? అయితే నెక్స్ట్ రైడ్‌కి ప్లగ్స్ తప్పనిసరి. మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. మీ హెల్మెట్ మోడల్, అందులో స్పీకర్ గుంట ఉందో లేదో కామెంట్లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.