సేవకు బయలుదేరు విద్యార్థి

ఆంధ్రప్రదేశమున డిగ్రీ చదువునకు 2020-21లో ఏర్పడిన పాఠ్యప్రణాళిక, మొదటి సంవత్సరము ముగిసిన పిమ్మట వేసవిలో 180 గంటల సంఘసేవను విద్యార్థికి విధించినది. దినమునకు ఆరుగంటల చొప్పున ముప్పది దినములు. ఈ ముప్పది దినములు ఏ పల్లెలో, ఏ పనిలో, ఎవరి చేతిక్రింద గడుపవలెను? ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము చూచుకొననిచో దినచర్య పుస్తకము నిండును గాని సేవ జరుగదు.

ఈ యాలోచన క్రొత్తది కాదు. 1936లో బొంబాయిలో టాటావారి ధర్మనిధితో వెలసిన సంఘసేవా విద్యాలయము క్షేత్రశిక్షణమును చదువులో భాగముగ గైకొన్నది. 1969లో గాంధీజీ శతజయంతి సందర్భమున జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో నలుబదివేల విద్యార్థులతో ఆరంభమైనది. విధించుట మనకు తెలిసినదే. ఎంచుటయే ఇంకను నేర్వవలసియున్నది.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములనే చూతము. పూర్వపు కృష్ణాజిల్లాలోని ఈ మెట్టసీమ 2022 ఏప్రిల్ 4నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ప్రత్తి, మిరప, సున్నపురాయి, సిమెంటు ఇచ్చటి జీవనాధారములు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరమువద్ద జాతీయరహదారినే ముంచినది. బందరు ప్రక్కపల్లెకు వ్రాసిన ప్రశ్నపత్రము ఇచ్చట చెల్లునా?

ఇచ్చటి పని ఇచ్చటి కష్టమునుండియే పుట్టవలెను. మిరపకోతలకు కూలీలు పిల్లలతో వచ్చియున్నచో, ఆ పిల్లల పేళ్లు అంగన్‌వాడీలో కలవో లేవో కనుగొని, కార్యకర్తతో మాటలాడి చేర్పింపవచ్చును. ఏటియొడ్డు పల్లెలో, వరదవేళ నడువలేని వృద్ధులను, గర్భిణులను ఎవరు తరలింతురో గ్రామసచివాలయమువారితో కూర్చుండి నిర్ణయింపవచ్చును. వాణిజ్యశాస్త్రము చదువు యువతి, పొదుపుసంఘపు స్త్రీలకు తమ పాసుపుస్తకమును తామే చదువుకొనుట నేర్పవచ్చును. ఇవి చిన్నపనులే. కాని ముప్పది దినములలో ముగియును.

ఎంపికకు మూడు పరీక్షలు చాలును. సాయంకాలమునకు ఇల్లు చేరదగినంత దూరమేనా? పరీక్షలైన పిదప మరల ఒకమారు పోయి చూడగలమా? మన తప్పును దిద్దగల అనుభవజ్ఞు లచ్చట కలరా? మూడవది లేనిచోటికి పోరాదు. పర్యవేక్షణలేని శిక్షణము శిక్షణము కాదు. అది పల్లెపై ప్రయోగము.

ఏర్పాటు ఇంకను ముఖ్యము. సెలవులకు నెలముందే ఉపాధ్యాయుడు స్వయముగ పోయి, పంచాయతీవారిని, ఆరోగ్యకార్యకర్తను, ఆ పేటలోని స్త్రీలను కలిసి, 'మావారు వచ్చిన మీకేమి ఉపయోగము?' అని అడుగవలెను. అక్కరలేదనిన మరియొక చోటు వెదకవలెను. వారమున కొకసారియైనను పనిచోటనే విద్యార్థిని కలిసికొనవలెను. చూడని గంటకు సంతకము చేయరాదు.

ఏటేట నొక గుంపు వచ్చి కుటుంబమెంత, అప్పెంత, రోగమేమి అని అడిగి వ్రాసికొని పోవుచుండినచో, మూడవయేట తలుపు తీసిన ఇల్లాలు, 'మీ మార్కులకొరకు మా కష్టములా?' అనిన, బదులు చెప్పగలవారెవరు? కావున అవసరములేని ప్రశ్న అడుగరాదు. అడిగి తెలిసికొన్న రోగమును, ఋణమును ఇంటిపేరుతో నివేదికలో వ్రాయరాదు. తుదకు ఆ నివేదికను కళాశాలలో నొప్పగించుటకు మునుపే పల్లెవారి యెదుట తెలుగున చదివి వినిపింపవలెను. వారు తప్పన్నది దిద్దవలెను.

జాతీయ సేవాపథకపు సూత్రము 'నేను కాదు, మీరు' అనునది. దానిని గోడపై వ్రాయుట సులభము. తనకు మార్కులు తెచ్చు పనికిని, పల్లెకు పనికివచ్చు పనికిని నడుమ ఎంచుకొను దినముననే అది విద్యార్థికి పరీక్ష. ఆ దినమున అతని ప్రక్కన ఉపాధ్యాయుడు నిలుచునా? ఈ వేసవికి మన కళాశాలలు చెప్పవలసిన సమాధాన మిదియే.