వంటింటి పెద్దరికము

నాయకత్వమనగానే మన కన్నుల యెదుట సభావేదికపై నిలిచినవాడో, పడవ నడపు సరంగో, కర్మాగారములోని పెద్ద ఇంజనీరో మెదలుట సహజము. పొయ్యి ముందు నిలిచిన ఇల్లాలు మెదలదు. విశాఖపట్టణము వంటి రేవుపట్టణమున పెద్ద పనులన్నియు ఇంటి వెలుపలనే జరుగుచున్నట్లు కనబడును. కాని ఉన్న సరకుతో, అనుకొన్న వేళకు, అందరికిని సరిపడునట్లు ఒక పనిని ముగించుట నాయకత్వమైనచో, అది దినమునకు రెండు పూటలు మన యిండ్లలో జరుగుచునే యున్నది.

చేపల పులుసునే తీసికొందము. వంజరమైనను, చందువయైనను క్రమమొక్కటే. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి యుంచుదుము. వెడల్పు దాకలో ఉల్లిపాయలు వేగిన పిమ్మట కారము వేసి, చింతపండు రసము పోసి, బాగుగ మరగనిత్తుము. ముక్కలు కడపట పడును. అవి పడిన క్షణము నుండి గరిటెకు పని లేదు. చేపమాంసపు పొరలను కలిపి పట్టియుంచు పదార్థము మిక్కిలి పలుచనిది. కొలది వేడికే కరగిపోవును. గరిటె తగిలినచో ముక్క విడిపోయి ముల్లు పులుసులో కలియును. అందుచేత దాకను గుడ్డతో రెండు ప్రక్కల పట్టి మెల్లగా కదుపుదురు. క్రొత్తగా నేర్చువారికి ఇదియే కష్టము. ఏదో యొకటి చేయుచుండనిదే పని సాగుట లేదని వారికి తోచును. చేతిని ఆపుకొనుట కూడ పనియేనని తెలియుటకు రెండు మూడు పులుసులు చెడవలసినదే. (చెడిన పులుసును నోరెత్తక తినుట ఇంటివారి వంతు.) ఒక సంఘమునకో, ఒక కార్యాలయమునకో క్రొత్తగా పెద్దలైనవారిని చూచినప్పుడు మాకు తరచుగా ఈ గరిటెయే జ్ఞప్తికి వచ్చును.

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున యంత్రపు పడవల వేటకు నిషేధము. చేపలరేవులో పడవలు కట్టివేయబడును. జాలరిపేట ఇండ్లకు అవి రాబడి తగ్గు దినములు. ఆ కాలమునకై ముందే ఎండబెట్టి దాచిన నెత్తళ్ళు అప్పుడు అక్కరకు వచ్చును. గుప్పెడు నెత్తళ్ళు నాలుగు వంకాయలతో చేరి ఇంటిల్లిపాదికి కూర యగును. లేమిని పదిమంది కంచములలో సమముగా పంచి, ఎవరికిని తక్కువైనట్లు తోపనీయకుండుట ఎంతటి లెక్కయో పద్దులు వ్రాయువారికే తెలియవలెను.

తెలుగువారు అన్నపూర్ణ యను పేరు ఊరక నీయరు. గోదావరి లంకలలో గన్నవరమున వేళగాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారికి (1841–1909) ఆ పేరు నిచ్చిరి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే పెట్టినది. విశాఖ ఉక్కు కర్మాగారమున మూడు బ్లాస్టు ఫర్నేసులు కలవు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. మొదటిది 1990లోను, అన్నపూర్ణ 2012లోను వెలిగినవి. పైనుండి ఇనుపరాయి, కోకుబొగ్గు, సున్నపురాయి పొరలు పొరలుగా పడును. క్రిందినుండి వేడిగాలి కొట్టును. ఆ కొలిమి చల్లారినచో లోనిది గడ్డకట్టును. మరల వెలిగించుట సామాన్యము కాదు. కావున పనిదిగు షిఫ్టువారు నిప్పు ఎట్లున్నదో పనికెక్కువారికి చెప్పి మరీ పోవలెను.

వంటింట ఈ అప్పగింత సరిగా జరుగుట లేదని మా యభిప్రాయము. ఉప్పెంత, పులుపెంత యని యడిగిన “కంటికొలత” యందురు. ఆ కన్ను ఒక్కరిదే యగుటచే, ఆమె జ్వరముతో పండుకొన్ననాడు ఇంటి పొయ్యి చల్లారును. అంతటి నేర్పరి వెనుక రెండవ మనిషి సిద్ధము కాకుండుట ఆమె గొప్పతనమునకు గురుతు కాదు. ఇందులో ఆమె తప్పు కొంతయే. మగపిల్లలను వంటింటి గడప దాటనీయని అలవాటు మనదే కదా!

వచ్చు ఆదివారము ఇంటిలోని కుఱ్ఱవానిచే పులుసు పెట్టింపుడు. మొదటిసారి చింతపండు ఎంతో చెంచాతో, గిన్నెతో కొలిచి చెప్పుడు. రెండవసారి మాటలాడక ప్రక్కన నిలువుడు. మూడవసారి ముందరి గదిలో కూర్చుండి రేడియో వినుడు. మాడు వాసన వచ్చినను వెంటనే లేవవలదు, వానికిని ముక్కున్నది.