బావి నీళ్లలో కలుపు మందు: ఎవరు కొలవాలి?

మొక్కజొన్న విత్తిన రెండు మూడు రోజులకే చేలో కలుపు మందు పడుతుంది. ట్యాంకు వీపున తగిలించుకుని కొట్టేది కూలివాడే. ఆ మందు చాలాచోట్ల అట్రజిన్. మొలిచే కలుపు ఎండతో ఆహారం తయారుచేసుకోకుండా అడ్డుపడి చంపుతుంది. ఒకప్పుడు ఆ కలుపు తీసిన ఆడకూలీలకు ఆ మేరకు పని దినాలు తగ్గాయి. ఇది కనబడే నష్టం. కనబడనిది మరొకటుంది. వాన పడితే ఆ మందు కొంత కాలువలోకి కొట్టుకుపోతుంది, కొంత నేలలోకి ఇంకుతుంది. చేను పక్క బోరు నీళ్లే మనం బిందెలతో తెచ్చుకుంటాం.

“నీళ్లు తేటగానే ఉన్నాయిగదా!” అంటారు. తేట నీళ్లలో మందు లేదని కన్ను చెప్పలేదు, నాలుకా చెప్పలేదు. మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు అట్రజిన్ 2 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. అమెరికాలో హద్దు 3. యూరప్‌లో 0.1 మాత్రమే. భూగర్భజలంలో ఆ హద్దు దాటదన్న రుజువు లేదంటూ అక్కడ 2004లో అట్రజిన్‌కు అనుమతి నిరాకరించారు.

హద్దు కాగితం మీద ఉంది. కొలిచేదెలా? సీసాలో నీళ్లు పట్టి పట్నం లేబొరేటరీకి పంపాలి. అక్కడ ఖరీదైన యంత్రాలుండాలి, చదువుకున్న నిపుణులుండాలి. ఫలితం వచ్చేదాకా ఊరు అవే నీళ్లు తాగుతుంది.

ఎద్దు గిట్ట అచ్చు

దీనికి ఒక దారి ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో దొరికింది. అక్కడి అణుజీవశాస్త్ర, జన్యుశాస్త్ర సంస్థలో సెర్గీ పిలెట్‌స్కీ, తెత్యానా సెర్గెయేవా, అన్నా యెల్‌స్కాయా మొదలైనవారు 1990ల్లో అట్రజిన్‌ను పసిగట్టే ప్లాస్టిక్ పొర తయారుచేశారు.

సంగతి కష్టమేమీ కాదు. తడి మట్టిలో ఎద్దు కాలు వేస్తే గిట్ట గుర్తు పడుతుంది. మట్టి ఆరాక ఎద్దు వెళ్లిపోయినా అచ్చు మిగులుతుంది. ఆ అచ్చులో మేక గిట్ట సరిగా కూర్చోదు. వీళ్లు చేసిందీ అదే. ప్లాస్టిక్‌గా గట్టిపడే ద్రవంలో అట్రజిన్ కలిపారు. ఆ ద్రవంలోని మెథాక్రిలిక్ ఆమ్లం అణువులు అట్రజిన్ అణువును చుట్టి పట్టుకున్నాయి. పొర గట్టిపడ్డాక అట్రజిన్‌ను కడిగేశారు. అచ్చు మిగిలింది. ఇలా అణువుల అచ్చు తీసే పద్ధతికి జర్మనీలో గుంటర్ వుల్ఫ్ 1972లోనే బాట వేశాడు.

ఈ పొరను పరికరంలో పెట్టి నీళ్లు పోస్తారు. నీళ్లలో అట్రజిన్ ఉంటే వచ్చి తన అచ్చులో కూర్చుంటుంది. దాంతో పొర గుండా కరెంటు పారే తీరు మారుతుంది. ఆ మార్పును మీటరు చూపిస్తుంది. దగ్గరి చుట్టమైన సిమజిన్ వచ్చినా అంత మార్పు ఉండదు. కీవ్ బృందం 1999లో ప్రకటించిన లెక్క ప్రకారం లీటరుకు సుమారు 1 మైక్రోగ్రాము దాకా పసిగట్టవచ్చు. అంటే మన దేశపు హద్దు దాటిందో లేదో చెప్పడానికి చాలు. యూరప్ హద్దుకు మాత్రం చాలదు.

లోటు ఎక్కడుంది?

ఇది సర్వరోగ నివారిణి అని మేం చెప్పం. ఒక అచ్చు ఒక మందుకే. పారాక్వాట్‌కు వేరే పొర కావాలి, గ్లైఫోసేట్‌కు వేరే పొర కావాలి. బురద నీటిలో, ఉప్పు నీటిలో తూకం తప్పకుండా ఉండాలి. మందు ఉందని చెప్పడమే దీని పని, నీళ్లను శుభ్రం చేయదు.

అయినా అట్రజిన్ పొర పుట్టి పాతికేళ్లు దాటింది. మందు డబ్బా మారుమూల పల్లె దుకాణానికీ చేరింది. ఆ మందును కొలిచే పరికరం చేరలేదు. అమ్మేవాడికి లాభం మందులో ఉంది, కొలతలో లేదు. అందుకే కొలత బాధ్యత ప్రభుత్వం మీద పెట్టాలి.

ఈ సీజనులోనే రెండు మాటలు అడుగుదాం. ట్యాంకులో పోసే మందు పేరేమిటో కూలికి ముందే చెప్పాలి. మందు కొట్టాక, మొదటి వానలు పడ్డాక, ఊరి బావి నీళ్లు పరీక్ష చేయించి ఫలితం పంచాయతీ గోడ మీద రాయాలి. మందు మోసిన వీపుకు, ఆ నీళ్లు తాగే బిడ్డకు ఆ లెక్క తెలుసుకునే హక్కుంది.