క్లోమ క్యాన్సర్ నొప్పికి రేడియేషన్‌తో ఊరట

క్లోమ గ్రంథికి వచ్చే క్యాన్సర్ చాలామందిలో ముదిరిన తర్వాతే బయటపడుతుంది. శస్త్రచికిత్సకు వీలులేదని వైద్యులు చెప్పగానే ఇక చేసేదేమీ లేదనుకుని రోగిని ఇంటికి తీసుకెళ్లే కుటుంబాలు ఎన్నో. జబ్బు నయం కాకపోయినా నొప్పి తగ్గించే మార్గాలు మిగిలే ఉంటాయి. వాటిలో రేడియేషన్ ఒకటి. గ్రామాల్లో దీన్ని 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాట వినే భయపడేవారున్నారు గానీ, ఇందులో ఒంటికి విద్యుత్తు తగలదు. శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలను కణితిపైకి పంపుతారు. ఆ సమయంలో నొప్పి తెలియదు.

వీపులోకి పోటు ఎందుకు?

క్లోమం జీర్ణాశయానికి వెనుక, వెన్నెముకకు ముందు ఉంటుంది. దాని వెనుకే సీలియాక్ ప్లెక్సస్ అనే నరాల అల్లిక ఉంది. కణితి దాన్ని ఒత్తినా, అందులోకి పాకినా పైకడుపులో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. అందుకే కొందరు రోగులు దిండును పొట్టకు అదుముకుని రాత్రంతా కూర్చునే గడుపుతారు.

నొప్పి కోసం ఇచ్చే రేడియేషన్ వారాల తరబడి సాగదు. రోగి స్థితిని బట్టి ఒకే రోజు 8 గ్రేలు, లేదా 5 విడతల్లో 20, 10 విడతల్లో 30 గ్రేలు ఇవ్వడం పరిపాటి. గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలమానం. పక్కనే పేగులు ఉన్నందున మోతాదును ఇష్టానుసారం పెంచలేరు. వికారం, నీరసం, విరేచనాలు కలగవచ్చు.

నేరుగా ఆ నరాల అల్లికపైనే ఒకేసారి 25 గ్రేలు ఇచ్చే పద్ధతిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2024లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వెలువడ్డాయి. పరిశీలించిన 90 మందిలో 53 శాతం మందికి మూడు వారాలకు నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది. అంటే దాదాపు సగం మందికి ఆ మేరకు ఫలితం దక్కలేదన్నమాట. దీనికి అత్యంత కచ్చితంగా గురిపెట్టే యంత్రాలు కావాలి.

మార్ఫిన్ ఆపరాదు

రేడియేషన్ ప్రభావం తెలియడానికి రెండు, మూడు వారాలు పట్టవచ్చు. అందాకా మార్ఫిన్ వంటి మందులు కొనసాగాల్సిందే. అలవాటవుతుందన్న భయంతో వాటిని మానిపించడం రోగిని మరింత బాధపెట్టడమే. మాదక ద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణతో మార్ఫిన్ లభ్యతకు ఆటంకాలు కొంత తగ్గాయి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్‌తో పాటు ఉపశమన చికిత్స కూడా అందిస్తున్నారు. రోజుల్లో ఉన్న రోగిని మాత్రం రేడియేషన్ కోసం దూరం తిప్పడం సరికాదు. ఫలితం అందేంత వ్యవధి ఉండదు.

చికిత్స వేళ కొన్ని నిమిషాలు బల్లపై కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. అలా పడుకోలేని రోగి ఉంటే ఆ సంగతి సిబ్బందికి ముందే చెప్పాలి. వైద్యులు నొప్పి మందు ఇచ్చి, అది పనిచేయడం మొదలయ్యాకే లోపలికి పంపుతారు.